మా బావ కనిపెట్టిన కోతుల దారి

గిద్దలూరులో మా వీధి చివర ఒక ప్రముఖ శాస్త్రవేత్త ఇల్లుంది. ప్రముఖ అన్నది నా మాట కాదు. గేటు పక్క గోడకు బిగించిన నల్లటి పలకరాయి మీద ఆ మాట చెక్కి ఉంది. ‘ప్రముఖ జంతు పర్యావరణ, పరిణామ శాస్త్రవేత్త, ప్రొఫెసర్ మస్తానయ్య’ అని. రాయి మార్కాపురం నుంచి తెప్పించుకున్నాడు, మాట మాత్రం సొంతది. తనకు తానే ప్రముఖుడని రాయించుకున్న మనిషి గేటు ముందు నుంచి రోజూ పాలప్యాకెట్‌కు వెళ్లవలసి రావడం నా ఖర్మ. ఆయన మా చెల్లెలు ఉమ భర్త. నాకు బావ.

ఆయన గురించి పేపర్లలో చాలాసార్లు వచ్చింది. రాసినవాళ్లంతా ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుపోయారు. నేను ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ని. గొడ్డు చచ్చిందని, ఇల్లు కాలిందని వచ్చే కథల్లో ఎంత నిజముందో చూడడమే నా ఉద్యోగం. అందుకని ఆయన జీవితం నేను రాస్తే బాగుంటుందనిపించింది. ఆయనకు మాత్రం బాగుండదు.

బావ పుట్టింది గిద్దలూరు పక్క పల్లెలో. తండ్రి రామయ్యకు కొండవార మెట్టపొలం, కంది, ఆముదం. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే దర్గాలో మొక్కుకుని ఈయనకు మస్తానయ్య అని పేరు పెట్టారు. చదువులో చురుకైనవాడు, కాదనను. డాక్టరేటు తూనీగల మీద చేశాడు. కంభం చెరువులో మోకాలి లోతు నీళ్లలో దిగి, నెత్తిన తువ్వాలు వేసుకుని, కాళ్లకు జలగలు పట్టినా కదలకుండా నిలబడేవాడట. సంబంధం మాట్లాడదామని వెళ్లి నేను ఆయన్ను మొదటిసారి చూసింది ఆ చెరువులోనే. ఒక తుంగపుల్ల మీద ఏదో పురుగు కుబుసం విడుస్తోంది.

“మాట్లాడొద్దు. ఇట్ల వచ్చి చూడప్పా,” అన్నాడు. “నిన్నటిదాకా ఇది నీళ్లలో చేపపిల్లల్ని పట్టుకుని తిన్న పురుగు. ఇంకాసేపటికి ఎగిరిపోతాది. ఇంత చిన్నదానికి ఇంత మార్పు ఎట్లొచ్చిందో చూడు.”

నేనెవరో, ఎందుకొచ్చానో కూడా ఆయన అడగలేదు. ఆ ముఖంలో ఉన్న సంతోషం చూసి ఉమను ఈయనకే ఇవ్వాలని అక్కడే నిర్ణయించుకున్నాను. అప్పుడు ఆయనంటే నాకు నిజంగా గౌరవం. ఈ వాక్యం రాయడానికి ఇవాళ చేయి రావడం లేదు, అయినా రాశాను.

తూనీగలు ఆయనకు యూనివర్సిటీలో ఉద్యోగం ఇచ్చాయి గానీ పేరు ఇవ్వలేదు. పులుల మీద పనిచేసేవాళ్లు జీపుల్లో తిరుగుతూ టీవీలో మాట్లాడుతుంటే, ఈయన్ని పక్క డిపార్టుమెంటువాళ్లు ‘తూనీగలాయన’ అనేవాళ్లు. అది విని విని ఆయన లోపల ఏదో పాడైంది. చిన్న ప్రాణిని చూసుకుంటూ కూర్చుంటే చిన్న శాస్త్రవేత్తగానే రిటైరవుతామని జ్ఞానోదయమైంది. పెద్ద ప్రాణి కావాలి. పులులు అప్పటికే వేరేవాళ్ల చేతుల్లో ఉన్నాయి. ఎలుగుబంటి అంటే భయం. ఇక కోతి మిగిలింది.

కోతుల సంగతి కొంచెం చెప్పాలి. మా వైపు మొదటి నుంచీ ఉన్నవి పొడుగు తోకవి, నడినెత్తిన పాపిడి తీసి దువ్వినట్టు జుట్టున్నవి. కృష్ణకు ఆవల ఉండేవి వేరే రకం. ఎర్రమూతి, పొట్టి తోక, మనిషంటే లెక్కలేనితనం. కొన్నేళ్ల కిందట ఆ ఎర్రమూతివి గిద్దలూరు మిద్దెల మీద హఠాత్తుగా ప్రత్యక్షమయ్యాయి. ఎండబెట్టిన వడియాలు పోయాయి, కేబుల్ వైర్లు తెగాయి, ఉమ బీపీ మాత్రలు డబ్బాతో సహా పక్కింటి సజ్జ మీద దొరికాయి. వీధంతా లబోదిబోమంటుంటే మా బావ ఒక్కడే పొంగిపోయాడు.

అవి ఎక్కడి నుంచి వచ్చాయన్నది ప్రశ్న. ఆయన జవాబు ఇది. కృష్ణ దాటి, శ్రీశైలం అడవిలో నడిచి, పెద్దదోర్నాల దగ్గర ఘాటు దిగి, నల్లమల కొండవారనే తరతరాలుగా జరుగుతూ జరుగుతూ గిద్దలూరుకు చేరుకున్నాయి. ఒక జాతి ఇంకో జాతి తావులోకి తనంతట తాను నడిచి వస్తోంది, రెండూ కలిసి కొత్త రకం పుట్టబోతోంది, పరిణామం మన కళ్ల ముందే జరుగుతోంది. దీన్ని ఇంగ్లీషులో రాసి పంపితే విదేశీ పత్రిక ఒకటి అచ్చేసింది. ఆ దారికి ‘నల్లమల వానరపథం’ అని పేరు కూడా పెట్టాడు. మ్యాపు మీద లావుగా ఎర్రగీత గీయించి, అద్దం కట్టించి హాల్లో తగిలించాడు.

ఇక సన్మానాలే సన్మానాలు. ఆ శాలువాలను ఉమ గ్రైండరు మీదా, ఫ్రిజ్జు మీదా కప్పుతుంది. ఒక సభలో ఒక పెద్దమనిషి, వానరసేన లంకకు వెళ్లిన దారి కూడా ఇదేనేమో అన్నాడు. శాస్త్రవేత్త అన్నవాడు లేచి కాదనాలి కదా. మా బావ గంగిరెద్దులా తలాడించాడు.

నిజానికి ఆ కోతులు ఎట్లా వచ్చాయో మా వీధిలో తెలియని మనిషి లేడు. బండిలో వచ్చాయి.

ఈ సీమలో ప్రతి ఊరికీ కోతుల బాధ ఉంది, ప్రతి ఊరికీ ఒకటే మందు తెలుసు. కోతులు పట్టేవాళ్లను పిలిపిస్తారు. వాళ్లు ఇనుప బోను తెచ్చి వేరుశనక్కాయలు, అరటిపళ్లు పెట్టి మంద మందనంతా లోపలికి రానిచ్చి తలుపు జారుస్తారు. తర్వాత బోనుకు పసుపు రాసి బొట్టు పెడతారు. కర్పూరం వెలిగించి కొబ్బరికాయ కొట్టి, “స్వామీ, మంచి తావుకు పంపుతున్నాం, మా మీద కోపం పెట్టుకోవద్దు,” అని చెంపలు వేసుకుంటారు. అందరికీ కొబ్బరిముక్కలు పంచుతారు. బోను ట్రాలీ ఆటో ఎక్కుతుంది. ఆ బండి ఎటు పోతుందో అడగకూడదు. తిరిగొచ్చాక ఎక్కడ దింపావని డ్రైవరును అసలే అడగకూడదు. అడిగినా, ఆ చోటు పేరు పైకి చెప్పినా, ఆ కోతులన్నీ ఆ మాట అన్నవాళ్ల ఇంటికే తిరిగొస్తాయని నమ్మకం. పైగా ఇట్లా పట్టి తరలించడం అటవీశాఖవాళ్లకు తెలిస్తే కేసు. భక్తీ భయమూ రెండూ కలిసి ఊళ్లకు ఊళ్లు నోళ్లు కుట్టేసుకున్నాయి. మర్నాడు ఎవరైనా అడిగితే, “కోతులు పోయినాయి” అంటారు, అంతే.

ఎక్కడికి పోతాయి? పక్కూరికి. పక్కూరివాళ్లు కూడా కొబ్బరికాయ కొట్టి ఇటు పంపుతారు. నేనూ చందా ఇచ్చాను, నేనూ కొబ్బరిముక్క తిన్నాను. కాకపోతే నేను విదేశీ పత్రికలో వ్యాసం రాయలేదు.

బావ సెలవు రోజుల్లో ఇంట్లో ఉన్నప్పుడు బండి వస్తే బోనుకు మొదటి బొట్టు ఆయన చేతనే పెట్టించేవాళ్లు. వీధిలో చదువుకున్న పెద్దాయన కదా. బొట్టు పెట్టి, చెంపలు వేసుకుని, కొబ్బరిముక్క నములుకుంటూ మేడ మీదికి వెళ్లి, కోతులు తమంతట తాము ఎట్లా నడిచి వెళ్తాయో రాసుకునేవాడు. ఆ మెట్లు ఎక్కేలోపల ఆయన తలలో ఏం జరిగేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మూర్ఖుడైతే జాలిపడి ఊరుకునేవాణ్ని. ఆయన మూర్ఖుడు కాదు.

ఇంతవరకైతే నవ్వుకుని వదిలేయవచ్చు. కానీ హమీదా వచ్చింది.

హమీదా మార్కాపురం పిల్ల. తండ్రి అబ్దుల్ గఫార్‌కు ఒక ట్రాలీ ఆటో ఉంది, సిమెంటు బస్తాలు, టైల్స్, పెళ్లి సామాన్లు, ఏది పడితే అది తోలుతాడు. వాళ్ల వీధిలో ఎమ్మెస్సీ చదివిన మొదటి ఆడపిల్ల. పేపర్లో వానరపథం గురించి చదివి, మన వైపు ఇంత గొప్ప శాస్త్రవేత్త ఉన్నాడా అని సంబరపడి, డాక్టరేటుకు ఆయన దగ్గరే చేరింది. ఆయన ఇచ్చిన పని ఒకటే. ఆ దారి అడవిలో ఎక్కడెక్కడ ఉందో వెతికి చూపించాలి. మ్యాపు మీద గీత ఆయన గీశాడు, నేల మీద గీత ఈ పిల్ల కనిపెట్టాలి.

నాలుగేళ్లు తిరిగింది. దోర్నాల చెక్‌పోస్టు దగ్గర అనుమతి కాగితం చూపించి, అడవి వాచర్లను వెంటబెట్టుకుని, ఎండలో, ముసుర్లో, కొండ ఎక్కి దిగి. పిడుదులు పట్టి కాళ్లు పుళ్లు పడ్డాయి. వారానికొకసారి గిద్దలూరు వచ్చి, మిద్దెల మీది కోతుల్ని గుర్తులు రాసుకుని, ఉమ దగ్గర అన్నం తిని వెళ్లేది. ఉమను అత్తా అని, నన్ను మామా అని పిలిచేది. వచ్చినప్పుడల్లా సార్ ముందు నిలబడి చెప్పేది ఒకటే మాట.

“సార్, పొడుగు తోకవి కనపడినాయి. ఎర్రమూతివి మాత్రం అడవిలో ఒక్కటి గూడా లేవు. రోడ్డు పక్కన తప్ప యాడా లేవు.”

“వెతుకమ్మా. ఓపిక లేకుంటే సైన్స్ ఎట్లవుతాది? నేను జలగలు పీకేసుకుంటా చెరువులో నిలబడినా, తెలుసునా?” అనేవాడు.

ఆ జలగల సంగతి చెప్పుకునే హక్కు కూడా ఆయనకు పోయి చాలాకాలమైంది. హమీదాకు అది తెలియదు. తల ఊపి మళ్లీ అడవికి వెళ్లేది.

చివరికి విషజ్వరం వచ్చి మార్కాపురంలో ఇంట్లో పడింది. కొంచెం తేరుకున్నాక ఒకరోజు మంచం మిద్దె మీద వేయించుకుని పడుకుంటే, ఎదురింటి నీళ్లట్యాంకు మీద ఒక ఎర్రమూతి ఆడకోతి కూర్చుని ఉంది. ఎడమ చెవి సగం తెగి ఉంది, పై పెదవి చీలి ఉంది. ఆ కోతిని హమీదా పదిహేను రోజుల ముందే గిద్దలూరులో, మా ఉమ మిద్దె మీద గుర్తులు రాసుకుంది. ఇంతలోనే అది కొండ దాటి, పొలాలు దాటి, రోడ్లు దాటి, సరిగ్గా ఆమె ఇంటి ఎదురుగా వచ్చి కూర్చోవడం జరిగే పని కాదు. హమీదా మెల్లగా మెట్లు దిగి కిందికి వెళ్లింది. తండ్రి ట్రాలీ ఆటో కడుగుతున్నాడు. బండిలో వేరుశనగ పొట్టు, పసుపు, ఎర్రటి వెంట్రుకలు.

“అబ్బాజాన్, గిద్దలూరు నుంచి కోతుల్ని తెచ్చినావా?”

“అడగొద్దు బేటీ. అడిగితే మనింటికే వస్తాయంట,” అన్నాడు గఫార్.

“వచ్చేసినాయి గదా. ట్యాంకు మీద చూడు.”

గఫార్ తల పైకెత్తి చూసి, పైపు కింద పడేసి, నిజం చెప్పాడు. మార్కాపురం కోతుల్ని గిద్దలూరు దగ్గర దింపేది ఆయనే. ఖాళీ బండి తేవడం ఎందుకని గిద్దలూరు కోతుల్ని ఇటు తెచ్చేదీ ఆయనే. దోర్నాల హోటళ్లవాళ్లు మార్కాపురం వైపు పంపుతారు, కృష్ణ ఆవలివాళ్లు లారీల్లో శ్రీశైలం అడవిరోడ్డు మీద వదిలిపోతారు. జ్వరం పూర్తిగా తగ్గకముందే ఆ పిల్ల ఊరూరా తిరిగి బండ్లవాళ్లను, బోన్లవాళ్లను, హోటళ్లవాళ్లను మాట్లాడించింది. కన్నకూతురు లాంటి పిల్ల పేర్లు రాయనని ఒట్టు పెట్టి అడిగితే చాలామంది చెప్పారు. ఎర్రమూతి కోతుల దారి అడవిలో లేదు, తారురోడ్డు మీద ఉంది. ఆ సంగతంతా థీసిస్‌లో ఒక అధ్యాయంగా రాసింది. అందులో ఎవరి పేరూ రాయలేదు, ఒక్క వాళ్ల నాన్న పేరు తప్ప.

అది రాసేముందు తండ్రిని అడిగిందట. కేసవుతుందేమో అబ్బాజాన్, రాయమంటావా అని. “పక్కోళ్లవి దాచి పెట్టి మనది గూడా దాచి పెడితే, నీ పుస్తకం ఎవరు నమ్ముతారు?” అన్నాడట గఫార్. నా బావ జీవితంలో ఇట్లాంటి వాక్యం ఒక్కటైనా అని ఉంటే నేను ఈ జీవితచరిత్ర వేరేగా రాసేవాణ్ని.

ఆ అధ్యాయం చదివి బావ అంతెత్తున లేచాడు.

“ఏందిది? ఇది సైన్సా, లారీ ఆఫీసు లెక్కా? ఎవడో డ్రైవరు చెప్పినాడని నా పదేండ్ల పని మీద నీళ్లు పోస్తావా? ఇది తీసెయ్. తీసేస్తేనే సంతకం.”

“అబద్ధమని చూపించండి సార్, తీసేస్తాను.”

“సంతకం పెట్టేది నేనా, నువ్వా?”

సంతకం లేకపోతే డాక్టరేటు లేదు. డాక్టరేటు లేకపోతే మార్కాపురంలోనే ఖాళీగా ఉన్న లెక్చరర్ పోస్టుకు అప్లై చేసే దారి లేదు. స్కాలర్‌షిప్ గడువు అయిపోవచ్చింది. ‘చదివి చదివి కోతుల ఎంట పడింది’ అని వాళ్ల బజారులో అప్పటికే అనుకుంటున్నారు. అధ్యాయం తీసేస్తే డిగ్రీ వస్తుంది, పిల్ల ఒడ్డున పడుతుంది. నేనే ఒకసారి మెత్తగా చెప్పి చూశాను.

“తీసేస్తే ఏం మిగులుతాది మామా? అడవిలో ఏం కనపళ్లేదు అని నాలుగేండ్లు రాసినాను. ఎందుకు కనపళ్లేదో రాయకపోతే నేనెందుకు పోయినట్టు?” అంది.

గైడుకూ విద్యార్థికీ తగువు వచ్చిందని యూనివర్సిటీ ముగ్గురితో ఒక కమిటీ వేసింది. దానికి అధ్యక్షురాలు హైదరాబాదు నుంచి వచ్చే ప్రొఫెసర్ స్వర్ణలత. బావ తొణకలేదు, బెణకలేదు. వాళ్లను గిద్దలూరు తీసుకొచ్చి, మిద్దెల మీద కోతుల మందను చూపించి, కొండవైపు వేలు చూపించి, ఉగ్గాని బజ్జీలు పెట్టి పంపిస్తే సరిపోతుందని ఆయన లెక్క. ఉమకు వంట పురమాయించాడు.

ఇక్కడే మా ఊరివాళ్లు మాత్రమే చేయగల పని ఒకటి జరిగింది. పెద్దపెద్దవాళ్లు వస్తున్నారు, మేడ మీద కూర్చోబెట్టి టిఫిన్ పెట్టాలి. కోతులు ప్లేట్లు లాక్కుపోతే పరువేం కావాలి? ఉమా, వీధి ఆడవాళ్లూ కలిసి ముందురోజు పొద్దున్నే బోను పెట్టించారు. మంద మొత్తం దొరికింది. బండి తోలుకుని గఫారే వచ్చాడు. బావ అప్పుడే స్నానం చేసి కిందికి దిగాడు. కోతుల్ని చూపించడానికి కమిటీని పిలిపించుకున్న మనిషి, ఆ కోతులు కళ్ల ముందు బోనులో ఉంటే ఏమనాలి? పైకి అనాలంటే ఆ వీధిలో, ఆ కర్పూరం ముందు, అనకూడని మాట అనాలి. అనలేదు. బోనుకు బొట్టు పెట్టాడు. చెంపలు వేసుకున్నాడు. “బాగుండావా గఫార్ భాయ్?” అని పలకరించి మజ్జిగ కూడా ఇప్పించాడు. గఫార్ కొబ్బరిముక్క జేబులో వేసుకుని, బిస్మిల్లా అనుకుని బండి కదిలించాడు. నేను అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తూ, రేపు ఈయన ఏం చూపిస్తాడా అనుకున్నాను.

మర్నాడు కమిటీ వచ్చింది. మేడ మీద కుర్చీలు, టీపాయ్ మీద శాలువా. హమీదా ఒక మూల నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. స్వర్ణలత గారు చుట్టూ ఉన్న మిద్దెలు కలియజూశారు. ఒక్క కోతి లేదు.

“కోతులేవి మస్తానయ్య గారూ?”

బావ దర్జాగా గొంతు సవరించుకున్నాడు. “అదే మేడమ్ ఇందులో విశేషం. ఈ కాలంలో అవి పథం వెంబడి ఇంకా దక్షిణానికి జరుగుతాయి. నిన్ననే కదిలినాయి. నేను కళ్లారా చూసినాను.”

కళ్లారా చూశాడు, నిజమే. నాకు అసహ్యం వేసింది. మామూలుగా ఆయన్ని చూస్తే విసుగు వస్తుంది, నవ్వు వస్తుంది. ఆ రోజు మాత్రం అసహ్యమే.

“సార్, అవి కదల్లేదు, కదిలించినారు,” అంది హమీదా. “బండి మా అబ్బాజాన్‌ది మేడమ్. థీసిస్‌లో ఆ సంగతి రాసినాను. ఈ వీధిలో ఎవరినైనా అడగండి.”

స్వర్ణలత గారు లేచి పిట్టగోడ దగ్గరికి వెళ్లి, కింద గుమిగూడి చూస్తున్న ఇరుగుపొరుగును అడిగారు. “ఏమ్మా, కోతుల్ని ఎవరైనా పట్టి పంపించారా?”

“పోయినాయమ్మా,” అంది ఒకామె.

“స్వామి దయ,” అంది ఇంకొకామె. మిగతావాళ్లు చీర కొంగులు సర్దుకున్నారు. పంపించారని నేను గట్టిగానే చెప్పాను. “ఆయన మా బావమరిది మేడమ్, మా ఇద్దరికీ సరిపడదు,” అని బావ నవ్వి కొట్టిపారేశాడు. కమిటీలో మిగతా ఇద్దరూ కూడా ఆయనతో కలిసి నవ్వారు. హమీదా ముఖం తెల్లబోయింది. ఒక్క మనిషి నోరు విప్పితే చాలు, ఆ పిల్ల కష్టం నిలబడుతుంది. విప్పేవాళ్లు లేరు.

ఉమ అప్పుడే టీ ట్రే పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. చెల్లెలని చెప్పడం కాదు, ఉమ మొగుడికి ఎదురుచెప్పిన మనిషి కాదు. ఆయన రాసింది ఏదీ చదవలేదు. చదివినంత నమ్మకంతో బతికింది. ట్రే పట్టుకునే నిలబడి హమీదా వైపు చూసింది.

“మేమే పంపినాము మేడమ్,” అంది. “నిన్న పొద్దున. ముందు గూడా చానాసార్లు పంపినాము. మార్కాపురానికే పోతాయని తెలిసే బండి ఎక్కించినాను.”

కింద ఎవరో “ఏందే ఉమా!” అని నోరు నొక్కుకున్నారు. “ఆ పిల్ల ఊరికే పంపినాను,” అంటున్నప్పుడు ఉమ కళ్లలో నీళ్లు తిరిగాయి. “వాళ్లమ్మ వాళ్లుండే ఊరికే.”

“తెలుసు అత్తా,” అంది హమీదా. “మా వాళ్లు గూడా మీకే పంపినారు.”

బావ చేయి ఊపాడు. “మా ఆవిడకు సైన్స్ తెలియదు మేడమ్. ఆడవాళ్లు ఏదో అనుకుంటారు.”

“మీరు గూడా ఉండారు గదండీ,” అంది ఉమ. కోపంగా కాదు, గుర్తుచేస్తున్నట్టు. “బొట్టు పెట్టింది మీరే గదా.”

ఇక ఎవరూ నవ్వలేదు. స్వర్ణలత గారు కుర్చీలో కూర్చుని, కళ్లజోడు తీసి, ఆయన వంకే చూస్తూ అడిగారు.

“మస్తానయ్య గారూ, మీరు ఈ ఊరివారు. ఈ ఇంట్లోనే ఉంటారు. మీకు తెలుసా, తెలియదా?”

తప్పించుకోవడానికి ఏదో ఒకటి చెబుతాడనుకున్నాను. ఆయన తప్పించుకోలేదు. ఎందుకంటే తప్పించుకోవలసింది ఏదో ఉందని ఆయనకు తోచలేదు.

“తెలుసు మేడమ్. ఊళ్లో అందరికీ తెలిసిందే గదా. తెలిసింది వేరు, రీసెర్చ్ వేరు,” అన్నాడు.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. స్వర్ణలత గారు హమీదాను తన దగ్గరికి మార్పించుకున్నారు. మళ్లీ ఫీజులు, మళ్లీ కాగితాలు, ఇంకో రెండేళ్లు. అధ్యాయం అట్లాగే ఉంది, డాక్టరేటు వచ్చింది. ఈలోపల మార్కాపురం పోస్టు వేరేవాళ్లకు వెళ్లింది. ఇప్పుడు దర్శిలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతోంది, రోజూ బస్సులో వెళ్లొస్తుంది. గఫార్‌ను అటవీశాఖవాళ్లు రెండుసార్లు పిలిపించి వదిలిపెట్టారు. మా బావ వ్యాసాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేదు. గేటు పక్క రాయి కూడా అక్కడే ఉంది.

ఇవేవీ నాకు అంత బాధ కలిగించలేదు. ఆ రోజు మేడ మీద ఆ పిల్ల అడిగిన మాట, దానికి ఆయన ఇచ్చిన జవాబు, ఆ రెండే నన్ను వదలవు. తెలుసు అని ఆయన అన్నాక హమీదా మూల నుంచి ముందుకొచ్చింది. చీలమండల దగ్గర పిడుదులు కరిచిన మచ్చలు ఇంకా నల్లగానే ఉన్నాయి. గొంతు పెంచలేదు.

“మీకు తెలుసా సార్? ఆ దారి లేదని తెలిసే నన్ను నాలుగేండ్లు అడవిలో తిప్పినారా?”

బావ ఆమె వైపు నిజంగా ఆశ్చర్యంగా చూశాడు. చదువు చెప్పే మాస్టారు వెనకబడిన పిల్లకు ఓపిగ్గా విడమరిచినట్టు చెప్పాడు.

“ఎట్లయినా ఫీల్డ్ వర్క్ చేయాల గదమ్మా.”

ఆయన ముఖంలో సిగ్గు కోసం వెతికాను. ఒకప్పుడు చెరువులో ఆ ముఖాన్ని చూసి నమ్మినవాణ్ని కాబట్టి, చాలాసేపు వెతికాను. కనపడలేదు. ఉమ అందరికీ టీ ఇచ్చి, ఆయన కప్పు ట్రేలోనే ఉంచుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.